కాపీ చేస్తే తేదీ ఎవరిది?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మూడేళ్ల కిందట రాసిన పత్రం ఒకటి ఉందనుకోండి. దాన్ని ఇవాళ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారు. పెన్‌డ్రైవ్‌లో కనబడే ఫైలు మీద ఏ తేదీ ఉండాలి? మూడేళ్ల కిందటిదా, ఇవాళ్టిదా? ఈ ప్రశ్న వేస్తే కొందరు అటు, కొందరు ఇటు చేతులెత్తుతారు. సాఫ్ట్‌వేర్ల సంగతీ అంతే. విండోస్‌లో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొడితే పాత తేదీయే వస్తుంది. లినక్స్ టెర్మినల్లో (ఆజ్ఞలు టైపు చేసే తెరలో) సీపీ అనే కాపీ ఆజ్ఞ కొడితే ఇవాళ్టి తేదీ పడుతుంది. టార్ అనే ప్రోగ్రాముతో ఫైళ్లను మూటకట్టి విప్పితే పాతది. ఫైళ్ల పాత రూపాలు దాచే గిట్‌లోంచి తీస్తే ఇవాళ్టిది. ఇంటర్నెట్ నుంచి డబ్ల్యూగెట్ అనే ప్రోగ్రాముతో దించుకుంటే సర్వర్ చెప్పిన తేదీ, అదే ఫైలు కర్ల్ అనే ఇంకో ప్రోగ్రాముతో దించుకుంటే దించిన క్షణం. ఇక పైథాన్‌లో షుటిల్ అనే ఒకే లైబ్రరీలో ‘కాపీ’ అనే ఫంక్షను తేదీని వదిలేస్తుంది, ‘కాపీ2’ అనేది వెంట తెస్తుంది. ఒక్క అంకె తేడా, అంతే.

నా పక్షం ఏదో ముందే చెప్పేస్తాను. ఏ ఆప్షనూ ఇవ్వకుండా మామూలుగా కాపీ చేసినప్పుడు ఫైలు మార్పు తేదీ చెక్కుచెదరకుండా రావాలి. డీఫాల్టు అలా ఉండాలి. ఈ మాట ఎక్కడెక్కడ చెల్లదో కూడా చెబుతాను, చెల్లని చోట్లు తక్కువేం లేవు.

ముందు తేదీ అంటే ఏ తేదీ అన్నది తేల్చుకుందాం. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఒక్కో ఫైలుకు మూడు టైమ్‌స్టాంపులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఎమ్‌టైమ్ అంటే లోపలి సరుకు చివరిసారి మారిన సమయం. ఏటైమ్ అంటే చివరిసారి చదివిన సమయం. సీటైమ్‌లో ‘సీ’ని చూసి క్రియేషన్ అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది, అది చేంజ్. ఫైలు పేరు, అనుమతులు, యజమాని, సరుకు, వీటిలో ఏది మారినా ఐనోడ్‌లో, అంటే ఫైలు వివరాలు దాచే చోట, ఆ సమయం పడుతుంది. దీన్ని మనం కావాలని మార్చలేం. టచ్ కమాండుతో ఎమ్‌టైమ్‌ను పదేళ్లు వెనక్కి నెట్టవచ్చు గానీ, అలా నెట్టిన క్షణం సీటైమ్‌లో నమోదైపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా వాదన సగం దీని మీదే నిలబడుతుంది.

నాలుగోది పుట్టిన సమయం. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ దాన్ని రాసి పెట్టుకుంటున్నా, చదివే దారి లినక్స్ కెర్నెల్‌లో 4.11 వెర్షన్‌తో, 2017లో, స్టాట్‌ఎక్స్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగే పద్ధతి) రూపంలో వచ్చింది. ఇవాళ స్టాట్ అని కొట్టి ఫైలు పేరు ఇస్తే ‘బర్త్’ అన్న వరుసలో కనబడేది అదే. ఈ సమయాన్ని మనకు కావలసినట్టు పెట్టుకునే సిస్టమ్ కాల్ లినక్స్‌లో లేదు. విండోస్‌లో అయితే క్రియేటెడ్ తేదీ ఎప్పట్నుంచో కనబడుతూనే ఉంది. అక్కడే జనానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసిన ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే క్రియేటెడ్ ఇవాళ, మోడిఫైడ్ మూడేళ్ల కిందట అని ఉంటుంది. ఫైలు పుట్టకముందే మారిందా అని ఆశ్చర్యపోతారు. తప్పేమీ లేదు. ఈ కాపీ ఈ డిస్కు మీద పుట్టింది ఇవాళ, లోపలి రాత మూడేళ్ల నాటిది. రెండు తేదీలూ నిజమే. ఫోరెన్సిక్ పని చేసేవాళ్లకు ఇదొక ఆనవాలు కూడా: మోడిఫైడ్ కన్నా క్రియేటెడ్ తర్వాతి తేదీ అయితే ఆ ఫైలు ఎక్కడినుంచో కాపీ అయి వచ్చి ఉండవచ్చని చూస్తారు.

ఇక వాదన. ఎమ్‌టైమ్ లోపలి రాతకు చెందినది. మోసిన మనిషికీ, మోసిన రోజుకీ చెందినది కాదు. దస్తావేజు నకలు తీస్తే దస్తావేజు తేదీ మారదు. నకలు తీసిన తేదీ వేరే ముద్రగా పడుతుంది. ఆ ముద్ర పనిని సీటైమ్, పుట్టిన సమయం ఎలాగూ చేస్తూనే ఉన్నాయి. మ్యాక్‌లో ఫైండర్ ఇంకో అడుగు ముందుకేసి ‘డేట్ యాడెడ్’ అని వేరే వరుసే పెట్టింది. ఫైలు ఈ ఫోల్డరులోకి ఎప్పుడొచ్చిందో అక్కడ చూసుకోవచ్చు, మార్పు తేదీని చెరపనక్కర్లేదు.

అంతకన్నా గట్టి కారణం ఇంకొకటి. రెండు వైపులా జరిగే తప్పులు సమానం కావు. తేదీ నిలిచింది, మీకేమో ఇవాళ్టి తేదీ కావాలి. టచ్ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి, క్షణంలో అయిపోతుంది. తేదీ పోయింది, అసలు ఫైలు కూడా తీసేశారు. ఇప్పుడు పాత తేదీ ఎక్కడినుంచి తెస్తారు? పాత డిస్కు ఖాళీ చేసి కొత్త డిస్కులోకి పదేళ్ల పత్రాలు మార్చినవాళ్లు సీపీ మైనస్ ఆర్ (లోపలి ఫోల్డర్లతో సహా కాపీ) అని కొట్టి, నాలుగు నెలల తర్వాత చూసుకుంటే అన్నీ ఒకే మధ్యాహ్నం పుట్టినట్టుంటాయి. తేదీవారీగా వరుస పెడితే అర్థం లేని జాబితా వస్తుంది. డీఫాల్టు అన్నది తెలియక చేసేవాళ్లను కాపాడటానికి. తెలిసినవాళ్లకు ఆప్షన్లు ఉండనే ఉన్నాయి.

నష్టం వరుసక్రమం దగ్గర ఆగితే బాగానే ఉండేది. ఒక ఉదాహరణ నిమిషాల లెక్కన చూద్దాం.

మూడు చోట్ల ఒకే నివేదిక ఉంది. మొదటి కంప్యూటర్లో దాన్ని ఉదయం 9:00కి దిద్దారు. రెండో కంప్యూటర్లో మధ్యాహ్నం 3:00కి ఇంకాస్త దిద్దారు, అంటే అన్నిటికన్నా తాజాది అది. మూడోది ఉమ్మడి డిస్కు. సాయంత్రం 6:00కి మొదటి కంప్యూటర్ నుంచి ఉమ్మడి డిస్కుకు సీపీ మైనస్ యూ నడిపారు. మైనస్ యూ అంటే మూలం కొత్తదైతేనే కాపీ చెయ్యి అని. కాపీ అయింది, కానీ తేదీ నిలపలేదు కాబట్టి డిస్కు మీది ఫైలుకు 6:00 పడింది. 6:10కి రెండో కంప్యూటర్ నుంచి అదే ఆజ్ఞ. మూలం 3:00, గమ్యం 6:00. గమ్యమే కొత్తది కదా అని సీపీ చల్లగా ఊరుకుంటుంది. ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు. 3:00 గంటల దిద్దుబాటు ఉమ్మడి డిస్కుకు ఎప్పటికీ చేరదు. అదే సీపీ మైనస్ యూకు తేదీని నిలిపే మైనస్ పీ కూడా జోడించి ఉంటే డిస్కు మీద 9:00 అని ఉండేది, 3:00 దాని మీద గెలిచేది.

రెండు చోట్ల ఫైళ్లను పోల్చి సమానం చేసే ఆర్‌సింక్ వాడేవాళ్లకు ఇదే రోగం ఇంకో రూపంలో వస్తుంది. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజు, ఎమ్‌టైమ్ రెండూ కలిస్తే ఆ ఫైలును దాటేస్తుంది. మైనస్ ఏ ఇస్తే అందులో మైనస్ టీ కలిసే ఉంటుంది, తేదీలు నిలుస్తాయి. కొందరు మైనస్ ఆర్ ఒక్కటే ఇస్తారు. అప్పుడు గమ్యంలో ప్రతి ఫైలుకూ ఆ పూట తేదీ పడుతుంది, మర్నాడు పోల్చినప్పుడు ఏదీ కలవదు, మొత్తం మళ్లీ మొదలు. లక్ష ఫైళ్లున్న ఫోల్డరుకు ఇది రోజూ తప్పని తద్దినం. తేదీ నిలపని కాపీ ఒకసారి ముందే జరిగిపోయిందనుకోండి, కంగారు పడకండి: ఒక్కసారి మైనస్ ఏతో పాటు డబుల్ మైనస్ చెక్‌సమ్ ఇచ్చి నడపండి. సరుకు పోల్చి, కలిసినవాటికి తేదీ మాత్రం సరిచేస్తుంది. రెండు వైపులా అన్ని ఫైళ్లనూ పూర్తిగా చదవాలి కాబట్టి డిస్కు వేగాన్ని బట్టి గంటలు పట్టొచ్చు, కానీ ఒక్కసారే.

సరే, ఇప్పుడు అవతలి పక్షం. వాళ్లు అజ్ఞానులు కారు. యూనిక్స్‌లో సీపీ ఇవాళ్టి తేదీ వేయడం వెనక ఒక తర్కం ఉంది: ఒక కొత్త ఫైలు సృష్టించి అందులో బైట్లు రాశాం, రాసిన సమయం ఇదే, ఇంతకన్నా నిజం ఏముంది? తర్కంగా వినడానికి బాగుంది. కానీ అదే యూనిక్స్‌లో ఫైలును జరిపే ఎంవీ ఆజ్ఞ, ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు ఫైలు జరపాల్సి వచ్చినప్పుడు లోపల చేసేది అచ్చంగా కాపీనే. కాపీ చేసి అసలును తుడిచేస్తుంది. మరి అక్కడ పాత తేదీ ఎందుకు నిలుపుతోంది? ‘కొత్త బైట్లు, కొత్త తేదీ’ అన్న సూత్రం దానికి వర్తించదా? ఈ ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు నాకైతే కనిపించలేదు.

గట్టి అభ్యంతరం మేక్ నుంచి, అంటే ప్రోగ్రాములను కంపైల్ చేయించే పరికరం నుంచి వస్తుంది. మేక్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాని బుర్రంతా ఒకటే పోలిక: ఆబ్జెక్టు ఫైలు (కంపైల్ అయిన రూపం) కన్నా సోర్సు ఫైలు (మనిషి రాసిన ప్రోగ్రామ్) తేదీ కొత్తదైతే మళ్లీ కంపైల్ చెయ్యి, లేకపోతే వదిలెయ్యి. మధ్యాహ్నం 12:00కి సోర్సు దిద్దారు, 12:05కి కంపైల్ చేశారు, ప్రోగ్రామ్ తప్పుగా నడిచింది. నిన్నటి బ్యాకప్ నుంచి పాత సోర్సును సీపీ మైనస్ పీతో తెచ్చి మీద పడేశారు. ఇప్పుడు సోర్సుకు నిన్నటి తేదీ, ఆబ్జెక్టుకు ఇవాళ 12:05. మేక్ కొడితే ‘అప్ టు డేట్’ అంటుంది. సోర్సు మంచిది, నడుస్తున్నది మాత్రం ఆ తప్పుడు ప్రోగ్రామే. గంటసేపు జుట్టు పీక్కోవచ్చు. గిట్ తేదీలు దాచిపెట్టకపోవడానికీ, పాత కమిట్‌కు (దాచిన పాత రూపానికి) వెళ్లినా మారిన ఫైళ్లకు ఆ క్షణం తేదీ పడనివ్వడానికీ కారణం ఇదే. నేను దీన్ని ఒప్పుకుంటాను. గిట్ చేసేది సరైన పని. అది కాపీ కాదు, ఫైలును మళ్లీ సృష్టించడం.

కానీ ఆగండి, తేదీలు నిలపకపోతే మేక్ సుఖంగా ఉంటుందనుకుంటే అదీ పొరపాటే. కంపైల్ అయి ఉన్న ప్రాజెక్టు మొత్తాన్ని సీపీ మైనస్ ఆర్‌తో కాపీ చేసి చూడండి. ఏ ఫైలు ముందు కాపీ అయిందో దానికి ముందు తేదీ, వెనక అయినదానికి వెనక తేదీ. కాన్ఫిగర్ స్క్రిప్టు ముందు పడి, దాని మూలమైన కాన్ఫిగర్ డాట్ ఏసీ తర్వాత పడితే, మూలం కొత్తదైంది కాబట్టి స్క్రిప్టును మళ్లీ పుట్టించాలని మేక్ బయల్దేరుతుంది. ఆ మెషీన్లో ఆ స్క్రిప్టును పుట్టించే ఆటోకాన్ఫ్ లేకపోతే అక్కడే బొక్కబోర్లా పడుతుంది. కాబట్టి ప్రాజెక్టు మొత్తాన్ని జరిపేటప్పుడు తేదీలు నిలపాలి. ఒక్క పాత ఫైలును మీద పడేసేటప్పుడు టచ్ చెయ్యాలి.

రెండో అభ్యంతరం చెత్త ఊడ్చే స్క్రిప్టులు. ఒక ఫోల్డరుంది, అందులో ముప్పై రోజులు దాటినవి రాత్రిపూట తీసేయాలి. రాసేవాళ్లు ఏం రాస్తారు? ఫైండ్, మైనస్ ఎమ్‌టైమ్, ప్లస్ 30, మైనస్ డిలీట్. అందులోకి ఎవరో మూడేళ్ల కిందటి పీడీఎఫ్‌లు తేదీలు నిలిపి కాపీ చేశారు. సాయంత్రం పెట్టారు, పొద్దున్నకు లేవు. తేదీ నిలపడమే తప్పంటారు అవతలివాళ్లు. నేనంటాను, స్క్రిప్టు తప్పు తేదీని అడిగింది. అది అడగాల్సింది ఇక్కడికి ఎప్పుడొచ్చావని, ఎప్పుడు రాశారని కాదు. మైనస్ ఎమ్‌టైమ్ బదులు మైనస్ సీటైమ్ పెడితే చాలు. సీటైమ్‌కు ఒక బలహీనత ఉంది, అనుమతులు మార్చినా అది ఇవాళ్టికి వస్తుంది. వస్తే ఏమవుతుంది? ఫైలు ఇంకో ముప్పై రోజులు ఎక్కువ బతుకుతుంది. పోయేదేమీ లేదు. అన్నట్టు, ఫైండ్ రోజుల లెక్కలో భిన్నాన్ని కొట్టేస్తుంది కాబట్టి ప్లస్ 30 అంటే నిజానికి 31 నిండు రోజులైనా గడవాలి.

మూడో అభ్యంతరం నాకు ఇష్టమైనది, ఎందుకంటే ఇది చేత్తో పని చేసేవాళ్లకు మాత్రమే తగులుతుంది. తేదీ నిలపడం ప్రతిసారీ కుదరదు. ఉమ్మడి ఫోల్డరులో వేరేవాళ్ల ఫైలుంది, మీకు రాసే అనుమతి ఉంది. దాని మీద మీ ఫైలును సీపీ మైనస్ పీతో వేశారు. సరుకు ఎక్కుతుంది, ఆ తర్వాత ‘ప్రిజర్వింగ్ టైమ్స్... ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తుంది. కారణం: రాసే అనుమతి ఉన్నవాళ్లెవరైనా తేదీని ఇప్పటికి మార్చగలరు, కానీ తమకు నచ్చిన పాత తేదీ పెట్టే హక్కు యజమానికి, రూట్‌కు (సిస్టమ్ అధికారికి) మాత్రమే. సీపీ విఫలమైనట్టు కోడ్ ఇస్తుంది, తప్పు రాగానే ఆగిపోయేలా రాసిన స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. ఫైలు మాత్రం శుభ్రంగా చేరింది. డీఫాల్టుగా తేదీ నిలిపితే ఇలాంటి గొడవలు వేలల్లో వస్తాయి అన్నది వాళ్ల వాదన. నిజమే. అందుకే నా ప్రతిపాదనలో రెండు మెట్లున్నాయి. ఏమీ అడక్కుండా కాపీ చేస్తే తేదీ నిలపడానికి ప్రయత్నించాలి, కుదరకపోతే ఒక వరుస హెచ్చరిక ఇచ్చి విజయంగానే ముగియాలి. మైనస్ పీ అని నోరు తెరిచి అడిగితే మాత్రం, కుదరనప్పుడు విఫలం కావాల్సిందే.

నిలిపిన తేదీ కూడా అచ్చుగుద్దినట్టు రాదు, అది వేరే కథ. పెన్‌డ్రైవ్‌లలో కనబడే ఫ్యాట్ ఫార్మాట్‌లో సెకన్లకు ఐదు బిట్లే ఇచ్చారు. ఐదు బిట్లలో 60 పట్టదు కాబట్టి రెండేసి సెకన్ల మెట్లు. 10:20:31కి దిద్దిన ఫైలు అక్కడ 30 అనో 32 అనో కూర్చుంటుంది. జిప్ ఫైళ్లు కూడా అదే పాత పద్ధతిని మోస్తున్నాయి. పైగా ఈ రెండూ స్థానిక సమయం రాసుకుంటాయి, ఏ టైమ్‌జోన్ అన్నది చెప్పవు. విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే 100 నానోసెకన్ల మెట్లలో, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తుంది. కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చాక తేదీలు సరిపోల్చే పరికరం ‘మారాయి’ అంటుంది. మందు ఉంది. ఆర్‌సింక్‌కు డబుల్ మైనస్ మోడిఫై విండో ఈక్వల్స్ 1 ఇవ్వండి, ఒక సెకను తేడాను క్షమిస్తుంది. విండోస్‌లోని కాపీ ఆజ్ఞ రోబోకాపీకి స్లాష్ ఎఫ్‌ఎఫ్‌టీ ఇస్తే రెండు సెకన్ల మెట్టును లెక్కలోకి తీసుకుంటుంది. వేసవిలో గడియారం ముందుకు జరిపే దేశాల్లో సరిగ్గా గంట తేడా వస్తే స్లాష్ డీఎస్‌టీ.

అమెజాన్ ఎస్3 లాంటి ఆన్‌లైన్ ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి పంపేవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ లాస్ట్ మోడిఫైడ్ అంటే ఎక్కించిన సమయం, దాన్ని మనం పెట్టలేం. అక్కడికి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రాము అసలు తేదీని మెటాడేటాలో పక్కన రాసి పెడుతుంది. దాన్ని చదవాలంటే ఒక్కో ఆబ్జెక్టుకు ఒక్కో అదనపు అభ్యర్థన వెళ్లాలి, లక్షల ఆబ్జెక్టులుంటే సమయం, బిల్లు రెండూ పెరుగుతాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: ఫైళ్ల తేదీలు వస్తున్నాయి గానీ ఫోల్డర్ల తేదీలు ఇవాళ్టివే పడుతున్నాయి. ఎందుకండీ?

ఫోల్డరు లోపల ఒక ఫైలు సృష్టించిన ప్రతిసారీ ఆ ఫోల్డరు ఎమ్‌టైమ్ మారుతుంది. ముందు ఫోల్డరుకు పాత తేదీ పెట్టి తర్వాత ఫైళ్లు నింపితే, మొదటి ఫైలుతోనే ఆ తేదీ చెదిరిపోతుంది. అందుకే జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు ఫోల్డర్ల తేదీలను ఆఖరికి అట్టిపెట్టి, లోపలి సరుకంతా చేరాక పెడతాయి. మీరు స్వయంగా స్క్రిప్టు రాస్తుంటే అదే క్రమం పాటించండి, లోతుగా ఉన్న ఫోల్డరు నుంచి పైకి రండి. రోబోకాపీ ఫైళ్ల తేదీలు అడక్కుండానే తెస్తుంది, ఫోల్డర్లవి మాత్రం స్లాష్ డీకాపీ కోలన్ డీఏటీ అని చెబితేనే తెస్తుంది. చివర ఉన్న ‘టీ’ ముఖ్యం.

ప్రశ్న: పాత తేదీని నిలిపితే తప్పుడు తేదీని కూడా నిలిపినట్టే కదా?

అవును, నిలుపుతుంది. గడియారం తప్పున్న మెషీన్లో పుట్టిన ఫైలు రేపటి తేదీతో వస్తే మేక్ ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ అని గోల చేస్తుంది. అయితే తప్పు తేదీ కూడా ఒక సమాచారమే. 1980 జనవరి 1 కనబడితే ఫ్యాట్ లేదా జిప్‌లో తేదీ నింపలేదని, 1970 జనవరి 1 అయితే యూనిక్స్ లెక్కలో సున్నా పడిందని తెలుస్తుంది. టైమ్‌జోన్ యూటీసీ కన్నా వెనక ఉంటే 1969 డిసెంబర్ 31 అని కూడా చూపిస్తుంది. దాని మీద ఇవాళ్టి తేదీ పూసేస్తే ఆ ఆచూకీ కూడా పోతుంది.

ప్రశ్న: ఫోన్ నుంచి మార్చిన ఫోటోలన్నిటికీ ఇప్పటికే ఒకే తేదీ పడిపోయింది. ఏమైనా చెయ్యొచ్చా?

కెమెరాతో తీసిన ఫోటోలైతే చాలావరకు చెయ్యొచ్చు. తీసిన సమయం ఫోటో లోపల ఎగ్జిఫ్ సమాచారంలో ఉంటుంది, కాపీ దాన్ని ముట్టుకోదు. ముందు ఫోల్డరుకు ఒక నకలు తీసి, నకలు మీదే ప్రయత్నించండి. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాములో ఫైల్‌మోడిఫైడేట్, చిన్నది గుర్తు (<), డేట్‌టైమ్‌ఒరిజినల్ అని రాసి ఫోల్డరు పేరు ఇవ్వాలి. మొదట మైనస్ గుర్తు మర్చిపోవద్దు. ఆ మొత్తాన్ని కొటేషన్లలో పెట్టాలి, లేకపోతే ఆ చిన్నది గుర్తును చూసి షెల్ ఏదో ఫైలు నుంచి ఇన్‌పుట్ తెమ్మంటున్నారనుకుంటుంది. ఎగ్జిఫ్‌లో చాలాసార్లు టైమ్‌జోన్ ఉండదు, కాబట్టి వేరే దేశంలో తీసినవి కొన్ని గంటలు అటూఇటూ కావచ్చు. స్క్రీన్‌షాట్లు, మెసేజీల్లో వచ్చిన బొమ్మల్లో ఎగ్జిఫ్ తేదీ దొరక్కపోవచ్చు. వాటికి ఫైలు పేరు చూడండి. చాలావాటి పేరులో సంవత్సరం, నెల, రోజు అంకెలు వరుసగా ఉంటాయి. డేట్‌టైమ్‌ఒరిజినల్ ఉన్న చోట ఫైల్‌నేమ్ అని పెడితే ఎగ్జిఫ్‌టూల్ ఆ అంకెల్లోంచే తేదీ ఏరుకుంటుంది. పేరులో సమయం లేకుండా తేదీ ఒక్కటే ఉన్నవాటిని మాత్రం వేరే ఫోల్డరులోకి తీసి, టచ్ మైనస్ టీతో ఒక్కొక్కటిగా పెట్టుకోండి.